రోడ్డు మధ్య రాయిగారికి, డిక్కీలోంచి

మహారాజశ్రీ బండరాయి గారికి,
సుంకి ఘాట్, 26వ నంబరు జాతీయ రహదారి, కోరాపుట్ జిల్లా.

అయ్యా,

సాలూరు నుంచి ఎక్కుతూ కారు ఆగిందంటే డ్రైవరుకి మొదట గుర్తొచ్చేది తమరే. బండి వెనక తమరు, తమరి నెత్తిన ఓ పచ్చి కొమ్మ. కారుతోపాటే వచ్చిన, బండి ఆగితే వెనక రోడ్డు మీద పెట్టాల్సిన ఎర్ర హెచ్చరిక త్రికోణాన్ని నేను, స్టెప్నీ పక్కన సీలు విప్పని కవర్లో పడి ఉంటాను. కుళ్లుబోతుతనం అనుకున్నా సరే, చెప్పేస్తాను.

తమరు కూర్చునేది కారుకి పది అడుగుల్లో. గంటకు 80 మీద వచ్చే లారీ సెకనుకి 22 మీటర్లు మింగుతుంది. తమరు కనబడేసరికి బంపరు మీదికి వచ్చేసి ఉంటుంది. నన్నయితే మామూలు రోడ్డు మీద కనీసం 50 మీటర్లు, అంటే 70 అంగలు, హైవే మీద 100 మీటర్లు వెనక పెట్టాలి. మలుపు ఉంటే ఈ లెక్కలు వదిలేసి, బండ్లు తిరక్కముందే కనబడేలా మలుపుకి అవతల. పెట్టడానికి వెళ్లేవాడు నన్ను ఛాతీకి అడ్డంగా పట్టుకుని, వచ్చే బండ్లకి ఎదురుగా, రోడ్డు అంచునే నడవాలి. హెడ్‌లైటు పడితే నేను మెరుస్తాను. పొగమంచులో తమరి సంగతి చెప్పక్కర్లేదు.

హజార్డ్ లైట్లు, అంటే ఇండికేటర్లన్నీ ఒక్కసారే మిణికేవి, ఉన్నాయిగా అంటారేమో. అందరికంటే ముందు నొక్కాల్సింది ఆ బటనే. కానీ బండి ఆగిందే బ్యాటరీ వల్లయితే అవెంతసేపు మిణుకుతాయి?

తమరు పనికిరారని కాదు. ఎక్కుడులో ఆగితే వెనక చక్రాల వెనక, దిగుడులో ముందు చక్రాల ముందు, హ్యాండ్‌బ్రేకుకీ గేరుకీ (ఎక్కుడులో ఫస్టు, దిగుడులో రివర్సు) తోడుగా తమరిని మించినవారు లేరు. తమరి అన్నగారు, పసుపు తలపాగా కిలోమీటరు రాయి, ఇంకా ప్రయోజకుడు. ఆయన ఒంటి మీది అంకె చూసి జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి చెబితే సాయం దారి తప్పదు. తమరిని చూసి ఏం చెప్పాలి?

పైగా జనం తమరి మీదే కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. ఎడమ తలుపులోంచి దిగి, బండికి దూరంగా, రోడ్డు దిగి నించోవాల్సినవాళ్లు. కారు ముందు నించోవడం అంతకన్నా ఘోరం, వెనక గుద్దితే అది వచ్చేది అటే.

అసలు ఫిర్యాదు ఇది. మెకానిక్ వస్తాడు, బెల్టు మారుస్తాడు, కారు వెళ్లిపోతుంది. తమరు మాత్రం అక్కడే. ఆ రాత్రి పొట్టంగి వెళ్లే బైకువాడికి హెచ్చరికా తమరే, ప్రమాదమూ తమరే. కారు కదిలాక తమంతట తామే గట్టు పక్కకి దొర్లగలిగితే చెప్పండి, ఈ ఉత్తరం చించేస్తాను.

ఇట్లు,
మడత విప్పని త్రికోణం