పీటీ పీరియడ్ తీసేయాలట!

"పదో తరగతి పరీక్షలు అయ్యేదాకా పీటీ పీరియడ్ రద్దు చేయాలి, ప్రతి తల్లిదండ్రికీ పంపండి" అంటూ ఒక మెసేజ్ హన్మకొండ పేరెంట్స్ గ్రూపుల్లో ఆగకుండా తిరుగుతోంది. చదువుకున్న స్నేహితులే పంపుతుంటే ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

ఆ మెసేజ్‌లో మొదటి పాయింటు: ఆడితే మార్కులు తగ్గుతాయట. వారంలో ఉన్నదే ఒకటో రెండో పీరియడ్లు. అవి కూడా చాలా బళ్లలో సిలబస్ పేరుతో లెక్కల క్లాసుకే పోతున్నాయి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. మనం వారానికి అంత ఇవ్వడానికే లెక్కలు చూస్తున్నాం!

రెండోది: "మా కాలంలో పీటీ ఉందా?" మీరు బడికి నడిచిపోయి, చీకటి పడేదాకా కబడ్డీ ఆడారు. ఇప్పటి పిల్లలు ఆటో దిగి క్లాసుకు, అక్కడి నుంచి ట్యూషన్‌కు పోతున్నారు.

నాకు కోపం తెప్పించింది మూడో పాయింటు. "ఎదిగిన ఆడపిల్లలకు గ్రౌండ్ ఎందుకు? నల్లబడతారు, నెలసరిలో ఇబ్బంది, కాలో చెయ్యో విరిగితే పెళ్లెట్లా?" పదమూడు పద్నాలుగేళ్ల పిల్ల ఎముకల బలం కన్నా పెళ్లిచూపుల్లో రంగు ముఖ్యమా? ఎముకలు ఎక్కువగా గట్టిపడేది ఆ వయసులోనే, పరుగులు, గెంతులు అందుకు సాయం చేస్తాయి. నెలసరి ఇబ్బంది నిజమే. దానికి కావాల్సింది బాత్రూంలో నీళ్లు, ప్యాడ్ పారేసే డబ్బా, ఈ రోజు కూర్చుంటానంటే కారణం అడగని సార్. అవి అడగకుండా ఆటే మానిపిస్తారా? మన పర్వతగిరి మండలం కల్లెడ పిల్ల దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 (మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల విభాగం) పరుగులో కాంస్యం తెచ్చింది. బడిలో ఆమె పరుగును గమనించింది పీఈటీ సారే. ఆ పీరియడ్ లేకుంటే ఆమెను ఎవరు చూసేవాళ్లు?

"ఇంట్లో యోగా చాలు" అన్నదానికి జవాబు అక్కర్లేదు. ఇంట్లో ఫోన్ పక్కన పెట్టించగలిగినవాళ్లు చెప్పాలి ఆ మాట.

ఎండల గురించి రాసింది మాత్రం ఒప్పుకుంటాను. మార్చిలో పదకొండింటికి పిల్లల్ని గ్రౌండ్‌లో నిలబెట్టడం తప్పే. ఒంటిపూట బడుల్లో పీటీని మొదటి పీరియడ్‌కు మార్చమని అడగండి, నేనూ సంతకం పెడతా. ఇంకోటి కూడా అడగాలి: 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడికి ఆటస్థలం ఉండాలి. మీ పిల్లల బడిలో అది ఉందా, లేక బస్సుల పార్కింగ్ అయిందా? రేపు ఫీజు కట్టే దగ్గర ఈ రెండూ అడిగి, వాళ్లు చెప్పిన జవాబు గ్రూపులో పెట్టండి.