గుంయ్‌మన్నది స్పీకరు కాదు, గోడ

మా హోమ్ థియేటర్ వెనక స్పీకర్లు నన్ను నెల రోజులు ఏడిపించాయి. తెర మీద వాన కురుస్తున్నంతసేపూ ఏమీ తెలియదు. అందరూ మౌనంగా నిలబడే దృశ్యం రాగానే తల వెనక నుంచి గుంయ్‌మని మోత మొదలవుతుంది. దానికి తోడు కుడివైపు స్పీకరులో ఉండి ఉండి చిటపట. మా సోఫా గోడకు ఆనుకుని ఉంటుంది కనుక ఆ రెండు స్పీకర్లూ చెవికి మూరెడు దూరంలోనే ఉంటాయి.

సర్వీసు మనిషిని పిలిచాను. ఆయన చెవి ఒగ్గి విననూ లేదు, ఒక్క వైరు పీకి చూడనూ లేదు. "బోర్డు పోయింది సార్. దాన్ని మార్చే డబ్బుకు ఇంకొంచెం వేస్తే కొత్త సెట్టే వస్తుంది" అని తేల్చేశాడు. నాడి పట్టకుండానే ఆపరేషన్ అన్నమాట! ఇంటికి వచ్చినందుకు రుసుము మాత్రం మరిచిపోకుండా తీసుకున్నాడు.

స్పీకరు పాపం, తన లోపలికి పంపిందే బయటికి చెబుతుంది. అది ఏ భాషలో మొరపెడుతోందో మనం వినాలి. సన్నటి బుస అయితే అది యాంప్లిఫయర్, అంటే ధ్వనిని పెంచి స్పీకర్లకు పంపే పెట్టె, సహజంగా చేసే చప్పుడు. చెవి ఆనిస్తే తప్ప వినిపించదు, వదిలేయవచ్చు. చిటపటలాడితే ఎక్కడో వైరు వదులైనట్టు. ఆగకుండా ఒకే శ్రుతిలో గుంయ్‌మంటే అది కరెంటు గొంతు. మన ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఆ 50 హెర్ట్జ్, దాని రెట్టింపు 100 హెర్ట్జ్, ఇవే మనకు మోతగా వినిపించేవి.

ఆదివారం పొద్దున్న నేనే కూర్చున్నాను. యాంప్లిఫయర్‌లోకి వచ్చే కేబుళ్లన్నీ పీకేస్తే మోత ఆగింది. ఒక్కొక్కటే తిరిగి పెడుతూ వచ్చాను. టీవీ నుంచి వచ్చే ఎరుపు, తెలుపు పిన్నులు గుచ్చగానే మళ్లీ గుంయ్! టీవీకి అంటుకున్నవాటి పని పట్టాను. సెట్‌టాప్ బాక్సు వెనక కేబుల్ టీవీ వైరు మర తిప్పి ఊడదీశానో లేదో, గదిలో నిశ్శబ్దం. నెల రోజులుగా అలవాటైన మోత ఒక్కసారిగా పోయేసరికి వంటింట్లో కుక్కర్ కింద మంట చప్పుడు కూడా వినిపించింది.

సంగతి ఇది. యాంప్లిఫయర్ మూడు పిన్నుల ప్లగ్గు ద్వారా మా ఇంటి ఎర్త్‌కు కలుస్తుంది. కేబుల్ వైరులోని లోహపు పొర వీధిలో మరెక్కడో భూమికి కలుస్తుంది. ఆ రెండు చోట్లా వోల్టేజి ఒకేలా ఉండదు. ఆ తేడా వల్ల పారే కొద్దిపాటి కరెంటు మన పాట ప్రయాణించే వైరునే దారి చేసుకుంటుంది. దీన్ని గ్రౌండ్ లూప్ అంటారు. ఎరుపు, తెలుపు కేబుల్ తీసేసి ఆప్టికల్ కేబుల్ వేశాను. దానిలో వెళ్లేది వెలుతురు, కరెంటు కాదు. దాంతో లూప్ తెగింది, మోత పోయింది. బొమ్మనూ శబ్దాన్నీ కలిపి మోసే హెచ్‌డీఎంఐ కేబుల్ వేసినా చాలదా అని అడుగుతారు. అది కూడా లోహపు వైరే, రెండు వైపుల ఎర్త్‌నూ కలిపే ఉంచుతుంది.

ఇక్కడే నాకు ఒళ్లు మండే సలహా ఒకటుంది. "ఎర్త్ పిన్ను విరిచెయ్యి, పోతుంది" అంటారు. నిజమే, మోత పోతుంది. రేపు లోపల కరెంటు మోసే ఫేజు వైరు ఊడి లోహపు పెట్టెకు తగిలితే దాన్ని ముట్టుకున్న పిల్లవాడూ పోతాడు. పాట కోసం ప్రాణం పణంగా పెట్టమనే ఈ మహానుభావుల చేతికి స్క్రూడ్రైవర్ ఎవరిచ్చారు?

ఇక చిటపట. యాంప్లిఫయర్ వెనక కుడి, ఎడమ వైర్లు తారుమారు చేశాను. బోర్డులో లోపముంటే చిటపట ఎడమవైపుకు మారాలి. మారలేదు. స్పీకరు పెట్టెలు కూడా అటూ ఇటూ మార్చాను. అయినా కుడివైపే. మిగిలింది వైరు ఒక్కటే. ఫాల్స్ సీలింగ్‌లో లైటు తీసి చేయి పెడితే దొరికింది అసలు దొంగ. రెండు ముక్కలు చేత్తో మెలిపెట్టి టేపు చుట్టారు. టేపు బంక కారి జారిపోయింది, రాగి పోగులు నల్లబడ్డాయి. పైగా ఆ వైరును ఫ్యాను వైరు పోయే పైపులోనే తోసేశారు! ఫ్యాను ఊగినప్పుడల్లా అతుకు కదులుతోందన్నమాట. స్పీకరు వైరునూ కరెంటు వైరునూ ఒకే గొట్టంలో వేయకూడదని పని నేర్చిన వాడెవడైనా చెబుతాడు. గోడ వెంట వేరే పట్టీలో ఒకే పొడవు వైరు వేయించాను. చిటపట ఆగింది.

పనిలో పనిగా మా ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి హాలులో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజి చూశాడు. రెండు మూడు వోల్టులకు మించకూడని చోట 11 చూపించింది. ఎర్త్ మీద అనుమానం వచ్చి కిందికి దిగి వెతికితే, ఎర్త్ వైరు భూమిలో కలిసే గుంత మూత మీద ఎవరిదో స్కూటర్ నిలబెట్టి ఉంది. తడిగా ఉంచాల్సిన ఆ గుంతలో నీళ్లు పోసి ఎన్నేళ్లయిందో వాచ్‌మన్‌కు గుర్తు లేదు. సంఘం సమావేశంలో ఈ మాట ఎత్తాను. ముందు లిఫ్టులో అద్దం సంగతి తేల్చాలట.