ఏరు పొంగినా ఇంజినుకు గతుకునీళ్ళే

తాళం తిప్పి సెల్ఫ్ కొట్టాను. బండి "టక్" అంది.

ఇంకోసారి కొట్టాను. "టక టక టక" అంది, ఎవరో లోపల కూర్చుని ఖాళీ డబ్బా మీద గోళ్ళతో దరువు వేస్తున్నట్టు. మూడోసారికి ఆ దరువు కూడా ఆగిపోయింది.

సామానంతా సర్ది, గ్యాసు కట్టేసి, అలమరాలకు గడియలు పెట్టి, మెట్టు లోపలికి మడిచి, రెండు నెలల తరువాత మొదటిసారి చక్రాల మీది ఇల్లయిన మా మోటారు హోమ్‌లో బయలుదేరుతున్నాం. నా వీపు వెనక ఫ్యాను హాయిగా తిరుగుతోంది. దీపాలు దేదీప్యమానంగా వెలుగుతున్నాయి. ఫ్రిజ్ సన్నగా గుర్రు పెడుతోంది. ఇల్లు ఇల్లులాగే ఉంది. బండి మాత్రమే బండిలా లేదు.

"బ్యాటరీ అయిపోయినట్టుందండీ" అంది మా ఆవిడ.

"ఆ మాట అనకు. నూరు శాతం ఉంది. నిన్న కూడా చూశాను."

నిన్న ఒక్కరోజే కాదు, రెండు నెలలుగా వారం వారం చూస్తూనే ఉన్నాను. తలుపు పైన ఒక చిన్న తెర ఉంటుంది. బండి కప్పు మీద వంద వాట్లవి రెండు సోలార్ ప్యానెళ్ళు బిగించిన నాటి నుంచి ఆ తెర దర్శనం నాకు వ్యసనమైంది. ఆదివారం ఉదయం వెళ్ళేవాణ్ణి, మీట నొక్కేవాణ్ణి, "100" కనిపించేది. సూర్యుడికి మనసులోనే ఒక నమస్కారం పెట్టి, ఆ వెలుగంతా నేనే స్వయంగా మండి సంపాదించినంత గర్వంతో తిరిగి వచ్చేవాణ్ణి. ఆ మీట పక్కనే కారు బొమ్మ ఉన్న మరో మీట ఉంది. అది అలంకారం కోసం పెట్టారనుకున్నాను.

మా బావమరిది లేచి ఆ రెండో మీట నొక్కాడు. తెర మీద 11.8 అని వచ్చింది.

"ఇదేమిటి బావగారూ?"

"బయటి ఉష్ణోగ్రత అయి ఉంటుంది" అన్నాను, నుదుటి చెమట తుడుచుకుంటూ.

అది ఇంజిను బ్యాటరీ వోల్టేజీ. నిండుగా ఉండి విశ్రాంతి తీసుకుంటున్న సీసం బ్యాటరీ 12.7 చూపాలి. 12.2కు వచ్చిందంటే సగం ఖాళీ. 11.8 అంటే ఇక పలకరించి లాభం లేదు.

మోటారు హోమ్‌లో రెండు బ్యాటరీలుంటాయని నాకు తెలియక కాదు. రెండూ ఒకే కప్పు కింద ఉన్నాయి కదా, ఒకే పొయ్యి అనుకున్నాను. అవి ఎప్పుడో వేరుపడ్డ అన్నదమ్ములు. అన్న ఇంటి బ్యాటరీ. మందపాటి పలకలు, నిదానపు స్వభావం. దీపాలకు, ఫ్యానుకు, నీళ్ళ పంపుకు రోజంతా కొద్దికొద్దిగా ఇస్తూ కూర్చుంటాడు. తమ్ముడు ఇంజిను బ్యాటరీ. పలచటి పలకలు, ముక్కు మీద కోపం. ఒక్క ఊపులో వందల ఆంపియర్లు విసిరి ఇంజినును లేపుతాడు, ఆ తరువాత ఇంజిను తిరుగుతుంటే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ పెట్టింది తిని పడుకుంటాడు. కప్పు మీది సోలార్ ఆస్తి మొత్తం అన్న పేరనే రాసి ఉంది. ప్యానెళ్ళ కరెంటును బ్యాటరీకి కొలిచి వడ్డించే ఛార్జ్ కంట్రోలర్ నుంచి బయలుదేరిన వైర్లు అన్న గుమ్మం దగ్గర ఆగిపోయాయి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు; ఈ వడ్డించేవాడికి కడబంతి ఒకటి ఉందనే తెలియదు. ఇంజిను నడుస్తున్నంతసేపూ రిలే అనే స్విచ్చు ఒకటి అన్నదమ్ములిద్దరినీ కలుపుతుంది. ఇంజిను ఆగిందా, ఎవరి వాకిలి వారిది.

కదలని బండిలో తమ్ముడికి ఖర్చేముంటుందన్నది నా ధీమా. ఉంటుంది. దొంగల అలారం, బండి జాడ చెప్పే ట్రాకర్, రేడియో జ్ఞాపకశక్తి, నిద్రలో కూడా ఒక కన్ను తెరిచి ఉంచే ఇంజిను కంప్యూటర్, అన్నీ కలిసి 50 మిల్లీ ఆంపియర్లు తాగుతాయి. వినడానికి చీమ దాహంలా ఉంటుంది. ఒక ఆంపియర్ గంటసేపు పారితే ఒక ఆంపియర్ అవర్; ఆ లెక్కన రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు, అరవై రోజులకు 72. మా బ్యాటరీ మొత్తం కలిపితే 95. అంటే బండిని దొంగలు ఎత్తుకుపోకుండా అలారం రెండు నెలలు రాత్రింబవళ్ళు కాపలా కాసి, చివరికి నేను కూడా తీసుకుపోలేకుండా చేసిందన్నమాట.

ఇందులో నన్ను ఎక్కువగా బాధించింది మరొక లెక్క. ఆ రెండు ప్యానెళ్ళు మంచి ఎండలో పది ఆంపియర్ల దాకా ఇవ్వగలవు. అన్న కడుపు నిండగానే కంట్రోలర్ చాలుచాలంటూ చేయి అడ్డం పెడుతుంది. మిగతా ఎండ కప్పు మీద ఊరికే కాగిపోతుంది. తమ్ముడికి కావలసింది ఆ పది ఆంపియర్లలో రెండు వందలవ వంతు.

కారున్న ఒక పుణ్యాత్ముడు వస్తానని ఫోనులో మాట ఇచ్చి, రెండు గంటలకు వచ్చాడు. ఆ రెండు గంటలూ ఫ్యాను కింద, దీపాల వెలుగులో కూర్చున్నాం. "కరెంటు కింద కూర్చుని కరెంటు కోసం బయటివాళ్ళను బతిమాలుతున్నాం బావగారూ" అని బావమరిది పది నిమిషాలకొకసారి గుర్తు చేస్తూనే ఉన్నాడు. 1912లో కాడిలాక్ కార్లకు విద్యుత్ స్టార్టర్ పెట్టక ముందు ఇంజినును ఇనప కమ్మీతో చేత్తో తిప్పేవారు. ఆ కమ్మీ ఒక్కోసారి వెనక్కి తన్ని తిప్పేవాడి చెయ్యి విరిచేది. ఆ పూట నాకు ఆ కాలమే నయమనిపించింది. చెయ్యి విరిగితే కనీసం సానుభూతి దక్కుతుంది.

కారు బ్యాటరీని మా బ్యాటరీకి కలిపే జంపర్ కేబుళ్ళు తగిలించే ముందు ఆ పుణ్యాత్ముడికి నేనొక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. చివరన పెట్టే నల్ల క్లిప్పును చచ్చిన బ్యాటరీకి కాక, దానికి దూరంగా ఇంజిను ఇనుముకు పట్టించాలి. ఆఖరి క్లిప్పు దగ్గర నిప్పురవ్వ ఎగరవచ్చు, బ్యాటరీ చుట్టూ హైడ్రోజన్ చేరి ఉండవచ్చు. విషయమంతా సరిగ్గా చెప్పి, క్లిప్పు ఆయన చేతికిచ్చి, నేను ఎనిమిది అడుగులు వెనక్కి జరిగాను.

బండి లేచింది. రేడియో కూడా లేచి, నువ్వెవరో నాకు తెలియదన్నట్టు నాలుగంకెల కోడ్ అడిగింది. ఆ కోడ్ రాసిన కార్డు ఇంట్లో సొరుగులో భద్రంగా ఉంది. ప్రయాణమంతా బావమరిది పాడాడు.

తిరిగి రాగానే పరిష్కారం తెచ్చింది కూడా అతనే. పలకంత సోలార్ ప్యానెల్. ముందు అద్దం లోపల డాష్‌బోర్డు మీద పెట్టి, దాని తీగను సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చితే చాలు, సరాసరి ఇంజిను బ్యాటరీకే కరెంటు. అయిదు వాట్లు. నేను కాగితం తీసుకుని లెక్క వేశాను. మంచి ఎండలో సుమారు 0.3 ఆంపియర్లు, అలాంటి ఎండ రోజుకు నాలుగు గంటలు, వెరసి 1.2 ఆంపియర్ అవర్లు. ఖర్చు ఎంతో రాబడి అంతే. లెక్క అంత ముచ్చటగా కుదిరినప్పుడే నాకు అనుమానం రావలసింది. అద్దం కొంత వెలుగును మింగుతుందని కానీ, డాష్‌బోర్డు మీద ఎండ నిటారుగా పడదని కానీ ఆ కాగితం మీద ఎక్కడా లేదు.

అయితే దానికి ఒక నీలం దీపం ఉంది. వెలుగు పడితే చాలు, టపటపా కన్ను కొట్టేది. 1954లో బెల్ లాబ్స్ వారు సిలికాన్ సోలార్ సెల్‌ను లోకానికి చూపినప్పుడు దానితో ఒక బొమ్మ రంగులరాట్నం తిప్పారు. అంత ఘనమైన వంశంలో పుట్టిన ప్యానెల్ కన్ను కొడుతుంటే శంకించడం మర్యాద కాదనిపించింది. కారు బొమ్మ మీట ఊసే మరిచి, ఈసారి ఆదివారాలు నీలం దీపం దర్శనానికి వెళ్ళాను.

ఆరు వారాల తరువాత రిమోట్ నొక్కితే తలుపే తెరుచుకోలేదు. రిమోట్ కడుపులో అసలు తాళంచెవి ఒకటి దాగి ఉంటుందని కనుక్కోవడానికి మాకు అరగంట పట్టింది. ఆ సమయమంతా అద్దం వెనక నుంచి నీలం దీపం మమ్మల్ని చూసి కన్ను కొడుతూనే ఉంది.

ఈసారి మెకానిక్‌ను పిలిచాం. ఆయన మల్టీమీటర్ కొసలు సాకెట్‌లో పెట్టి, తాళం తిప్పి, తీసి, మళ్ళీ తిప్పి చూశాడు.

"తాళం తీసేస్తే ఈ సాకెట్‌కు కరెంటు రాదు సార్."

"రానక్కరలేదయ్యా. నేను దానిలోకి పంపుతున్నాను."

"రాని దారిలో పోవడం కూడా కుదరదు సార్. మధ్యలో లింకు తెగిపోతుంది."

"మరి ఈ దీపం?"

"అది ప్యానెల్ తన కోసం తాను వెలిగించుకుంటుంది."

నలభై రెండు రోజులు ఆ ప్యానెల్ సంపాదించినదంతా తన కన్ను తాను కొట్టుకోవడానికే ఖర్చు పెట్టిందన్నమాట. మా ఆవిడ ఏమీ అనలేదు. తమ్ముడి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. రెండో చూపు కాస్త ఎక్కువసేపు నిలిచింది. ఈలోగా బ్యాటరీ ఆరోగ్యం కూడా దెబ్బ తింది. సీసం బ్యాటరీని అడుగంటా ఖాళీ చేసి అలాగే వదిలేస్తే పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, ఆ తరువాత అది మునుపటంత తాగలేదు. దాన్ని మార్చక తప్పలేదు. రేడియో కోడ్ అడిగింది. మా ఆవిడ సొరుగులోంచి కార్డు తెచ్చి చదివి వినిపించింది.

మెకానిక్ ఈసారి అన్నదమ్ముల మధ్య అరచేయంత డబ్బా ఒకటి బిగించి, రెండు కొసలా ఫ్యూజులు పెట్టాడు. దాని నియమం నాకు ఎంతో నచ్చింది. ఎండ తగిలి అన్న బ్యాటరీ వోల్టేజీ 13 దాటినప్పుడు, అంటే ఇల్లు నిండి పొర్లుతున్నప్పుడు మాత్రమే తమ్ముడికి కొంచెం వదులుతుంది. తమ్ముడి దగ్గర నుంచి వెనక్కి మాత్రం ఒక్క చుక్క రానివ్వదు. రెండు బ్యాటరీలకూ విడివిడిగా వడ్డించే కంట్రోలర్లు కూడా ఉంటాయట, కానీ మాకున్నదాన్ని పీకకుండా ఇదే సులువన్నాడు. మూడు వారాలు నేను రోజూ వెళ్ళి కారు బొమ్మ మీట నొక్కాను. ఉదయం 12.7, మిట్టమధ్యాహ్నం 13.4. జ్వరం తగ్గిన బిడ్డకు అలవాటు కొద్దీ థర్మామీటర్ పెట్టే తల్లిలా అయిపోయాను.

అంతటితో ఊరుకోవలసింది.

ఒకరోజు నిచ్చెన వేసుకుని కప్పు ఎక్కి చూస్తే ప్యానెళ్ళ మీద పిట్టల రెట్టలు. ప్యానెల్‌లోని సెల్లులన్నీ దండలో పూసల్లా వరుసగా కలిసి ఉంటాయి, ఒక్క సెల్లు మీద నీడ పడినా ఆ వరుసంతా కుంటుపడుతుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా ఆంపియర్ల మీద పిట్టలు వాలుతున్నాయి! నాలుగు రోజుల్లో బండి కొలతలకు కుట్టిన ముసుగు తెప్పించాను. కప్పు నుంచి చక్రాల దాకా ఎక్కడా సందు లేకుండా తొడిగి, నాడాలు బిగించి, పక్కకు నిలబడి ఫోటో తీసుకున్నాను.

రెండున్నర నెలలకు మళ్ళీ ప్రయాణం కుదిరింది. నేనూ బావమరిదీ కలిసి ముసుగు లాగాం. ప్యానెళ్ళు అద్దంలా మెరిసిపోయాయి. ఒక్క రెట్ట లేదు, ఒక్క దుమ్ము రేణువు లేదు. రిమోట్ నొక్కాను. తలుపు పలకలేదు. రిమోట్ కడుపులోని చెవి నాకిప్పుడు పాత నేస్తం కనుక లోపలికి వెళ్ళి, ముందు ఇంటి బ్యాటరీ చూశాను. 12.4. దాని పక్కన డబ్బా, పాపం, 13 ఎప్పుడు దాటుతుందా అని రెండున్నర నెలలుగా చేతులు కట్టుకుని ఎదురు చూస్తోంది. దాని తప్పేమీ లేదు.

మా ఆవిడ కిందకు జారిన ముసుగును చూసింది, తలెత్తి కప్పును చూసింది.

"ప్యానెళ్ళకు ఎండదెబ్బ తగలకుండా ఎంత బాగా చూసుకున్నారండీ!"

ఈసారి బయటివాళ్ళను పిలవలేదు. బావమరిది సీటు కింది మూత తీసి, జంపర్ కేబుళ్ళతో అన్నను తమ్ముడికి కలిపాడు. వెంటనే సెల్ఫ్ కొట్టకుండా ఒక పావుగంట ఊరుకున్నాం, తమ్ముడు కొంచెం గొంతు తడుపుకునేలా. ఆ పావుగంటలో నేను ముసుగు మడిచే ప్రయత్నం చేశాను. అది ఇంకో వ్యాసం. తరువాత తాళం తిప్పితే బండి ఒకసారి మూలిగి, రెండోసారి దగ్గి, మూడోసారికి లేచింది.

రేడియో తెర వెలిగి నాలుగు గీతలు చూపించింది. నేను కార్డు కోసం జేబులు తడుముకుంటున్నాను.

"ఏడు, రెండు, తొమ్మిది, నాలుగు" అంది మా ఆవిడ, సీటు బెల్టు పెట్టుకుంటూ.