ఇంటింటికీ తిరిగి కులం రాసిన టీచర్లం, తరగతిలో కులం గురించి పాఠం చెప్పకూడదా?

ఇంటికొచ్చి రెండు గంటలైంది. ఇంకా అన్నం తినబుద్ధి కావడం లేదు. ఇది రాయకపోతే ఈ రాత్రి నిద్ర కూడా పట్టదు.

ఈరోజు మా కాంప్లెక్స్ మీటింగ్, అంటే చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే సమావేశం. సోషల్ టీచర్లందరం ఒక హైస్కూల్లో కలిశాం. మాదిరి పాఠం చెప్పే వంతు 2024 డీఎస్సీలో వచ్చిన కొత్త మేడంది. పదో తరగతి పిల్లలు, విషయం ఎస్సీ వర్గీకరణ, అంటే ఎస్సీ కులాలను గ్రూపులు చేసి రిజర్వేషన్‌ను వాటి మధ్య పంచడం. మేమంతా వెనక కూర్చుని చూడాలి, తర్వాత మాట్లాడుకోవాలి. పాఠం మొదలై పాతిక నిమిషాలైందో లేదో, పరిశీలనకు వచ్చిన పెద్దసారు లేచి నిలబడి "చాలమ్మా, ఇవన్నీ మనకెందుకు? మిగిలిన టైంలో బిట్లు చేయించు" అన్నారు. పిల్లల ముందే. ఆ అమ్మాయి చేతిలో చీటీల డబ్బా అలాగే ఉండిపోయింది.

ఆ పాఠం వెనక ఎంత పని ఉందో నాకు తెలుసు. వరుసగా నాలుగు సాయంత్రాలు మేమిద్దరం ఫోన్లో కూర్చుని పీరియడ్ ప్లాన్ రాసుకున్నాం. మొదట రాసుకున్నది ఏం చెప్పాలన్నది కాదు, ఏం అడగకూడదన్నది. ఏ పిల్లనీ, పిల్లవాణ్నీ నీ కులమేంటని అడగకూడదు. ఎవరైనా తమంతట తాము చెప్పబోయినా ఆపాలి. ప్రశ్నలు పేరు లేకుండా చీటీల మీద రాసి డబ్బాలో వేయాలి. ఏ చీటీ ఎవరిదో వెతకకూడదు. ఆ గదిలో వర్గీకరణ వల్ల లాభపడే ఇళ్ల పిల్లలుంటారు, నష్టపోతామని భయపడే ఇళ్ల పిల్లలూ ఉంటారు. ఇద్దరూ తల దించుకోకుండా బయటికి వెళ్లాలి. మా లెక్కంతా ఇదే.

మొదలుపెట్టడానికి ఒక లెక్క తయారు చేసుకున్నాం. ఒక హాస్టల్లో 59 గదులు, రోజుకు 15 బకెట్ల వేడినీళ్లు. పొయ్యి దగ్గరి గదుల వాళ్లు ముందే పట్టుకుపోతే, చివరి గదుల వాళ్లకు ఏడాదంతా చన్నీళ్లే. మీరైతే ఎలా పంచుతారు? మన తెలంగాణలో ఎస్సీ కులాలు 59, రిజర్వేషన్ 15 శాతం. ఆ సంగతి చివర్లో చెప్పాలని అనుకున్నాం.

పిల్లలు ఏమన్నారో వినండి. ఒకడు "వంతులు పెట్టాలి టీచర్" అన్నాడు. ఇంకో పాప "పొయ్యి దగ్గరి గదుల వాళ్లు కూడా పేదోళ్లే కదా, వాళ్ల నీళ్లు తగ్గిస్తే ఎట్లా?" అంది. వెనక నుంచి ఒకడు "అసలు 15 బకెట్లే ఎందుకు టీచర్, ఇంకో పొయ్యి పెట్టొచ్చు కదా" అన్నాడు. నాకు ఒళ్లు పులకరించింది. 2004లో ఈవీ చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం వర్గీకరణ చెల్లదంది. 2024 ఆగస్టు 1న ఏడుగురు కూర్చుంటే ఆరుగురు చెల్లుతుందన్నారు, ఒకరు కాదన్నారు. రాజ్యాంగం 341వ అధికరణం కింద రాష్ట్రపతి ప్రకటించిన ఎస్సీ కులాల జాబితాను రాష్ట్రాలు ముట్టుకోరాదని ఆ ఒక్కరి మాట. మధ్యలో ఇరవై ఏళ్లు. అంతకుముందు 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో వర్గీకరణ కోసం మొదలైన దండోరా ఉద్యమం, 1997లో ఉమ్మడి రాష్ట్రంలో ఎస్సీ కులాలను చేసిన ఏ, బీ, సీ, డీ గ్రూపులు. ఇంత పెద్ద వాదనలో ఉన్న చిక్కుముడిని పదిహేనేళ్ల పిల్లలు పది నిమిషాల్లో పట్టుకున్నారు. సరిగ్గా అక్కడ బిట్లు చేయించమన్నారు.

బయట చర్చలో అడిగాను, ఎందుకు ఆపారు సార్ అని. "ఇది సిలబస్‌లో ఎక్కడుంది మేడం?" రాజ్యాంగ నిర్మాణం పాఠం ఉంది కదా సార్, సమానత్వం అన్న మాట ఉంది కదా. 1950లో రాజ్యాంగం వస్తే 1951లోనే మొదటి సవరణతో, వెనకబడిన వర్గాలకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చని చెప్పే 15(4) ఎందుకు చేర్చాల్సి వచ్చిందో చెప్పకుండా సమానత్వం ఎలా చెబుతాం? "పేరెంట్స్ వచ్చి గొడవ చేస్తే మీరు బాధ్యత తీసుకుంటారా?" తీసుకుంటాను సార్ అన్నాను. ఇప్పుడూ అదే అంటున్నాను.

ఆయన నింపిన పరిశీలన పత్రం చూశాను. టీఎల్‌ఎం (బోధన సామగ్రి) వాడారా, నల్లబల్ల వాడారా, టైం పాటించారా. పిల్లలు ఏం అడిగారు అని రాసుకోవడానికి ఒక్క గడి లేదు. పాఠం చూడ్డం అంటే టీచరును చూడ్డమేనా? ఆ పాతిక నిమిషాల్లో నేను పిల్లల ముఖాలే చూస్తూ కూర్చున్నాను. ఎప్పుడూ నోరు విప్పని మూడో బెంచీ పిల్లవాడు రెండుసార్లు చెయ్యెత్తాడు. అది ఏ కాగితంలో రాయాలి?

2024 నవంబరులో కులగణన సర్వే జరిగింది. గడప గడపకూ తిరిగి మీ కులమేంటి, ఉపకులమేంటి అని అడిగి రాసినవాళ్లలో ప్రైమరీ టీచర్లు వేలమంది. దానికోసం బళ్లు ఒంటిపూట నడిపారు. అప్పుడు ఎవరికీ ఇది సున్నితమైన విషయం అనిపించలేదు. 2025 ఏప్రిల్ 14న వర్గీకరణ చట్టం అమల్లోకి వచ్చింది. 59 కులాలు మూడు గ్రూపులు, ఒకటి, తొమ్మిది, అయిదు శాతం. రేపు ఈ పిల్లలు కాలేజీ సీటుకి పెట్టుకునే ఫారంలో ఆ గ్రూపు రాయాలి. వాళ్ల బతుకులో ఉన్నది పాఠంలో ఉండకూడదట. మరి ఎక్కడ నేర్చుకుంటారు? ఫోన్లో రీల్స్ చూసి, కింద కామెంట్లలో తిట్లు చదివి నేర్చుకుంటారు.

బడిలో కులం మాట ఎత్తకూడదని చెప్పేవాళ్లను చూస్తే నాకు ముప్పై ఏళ్ల కిందటి మంట మళ్లీ లేస్తుంది. నేను ఎనిమిదో తరగతి. స్కాలర్‌షిప్ ఫారాలు వచ్చాయి. సారు తరగతిలోకి వచ్చి "ఎస్సీ పిల్లలు లేచి నిలబడండి" అన్నారు. పదకొండు మందిమి లేచాం. ఆయన లెక్క రాసుకుంటూ మధ్యలో ఎవరితోనో మాట్లాడటానికి బయటికి వెళ్లిపోయారు. ఆయన తిరిగొచ్చేదాకా మేం నిలబడే ఉన్నాం, మిగతావాళ్లు కూర్చుని చూశారు. అప్పటిదాకా నాతో టిఫిన్ డబ్బా పంచుకున్న అమ్మాయి ఆ రోజు తర్వాత పంచుకోలేదు. ఆమె ఒక్క మాట కూడా అనలేదు, బెంచీ మారింది. అంతే.

అది పోయిందనుకుంటున్నారా? ఈ మధ్యే ఒక తరగతి వాట్సాప్ గ్రూపులో చూశాను. కుల ధ్రువీకరణ పత్రం ఇవ్వని పిల్లల పేర్లు, పక్కన ఎస్సీ, ఎస్టీ, బీసీ అని రాసి, అందరూ చూసేలా పెట్టారు. తరగతిలోని ప్రతి తల్లీ తండ్రీ చదివారు. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అడ్మిషన్ రిజిస్టర్‌లో కులం రాస్తాం, బళ్ల వివరాలు సర్కారుకి పంపే యూడైస్‌లో ఏటా లెక్క నింపుతాం, పిల్లలను లేపి నిలబెట్టి మరీ అడుగుతాం. ఎవరినీ లేపకుండా, ఎవరి పేరూ అడగకుండా, ఇదంతా ఎందుకొచ్చిందో చెప్పబోయిన ఒక్క అమ్మాయిని మాత్రం ఆపేస్తాం. నాకు ఏడుపొస్తోంది, కోపంతో.

ఆపకముందు ఆమె తీసిన చివరి చీటీ నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. చదవబోతుంటేనే పెద్దసారు లేచారు. అందులో ఇలా ఉంది: "సర్వేకి వచ్చిన సారు కులం అడిగితే మా అమ్మ గొంతు తగ్గించి చెప్పింది. పక్కింటి ఆంటీ గట్టిగానే చెప్పింది. మా అమ్మ ఎందుకు గొంతు తగ్గించింది?"

ఈ ప్రశ్నకు ఏ బిట్‌లో జవాబుంది?

సాయంత్రం గేటు దగ్గర ఇద్దరు ముగ్గురు పిల్లలు కొత్త మేడంని చుట్టుముట్టి "టీచర్, మిగిలిన చీటీలు రేపు చదువుతారా?" అని అడిగారు. ఆమె భయంగా నా వైపు చూసింది. ఉద్యోగంలో చేరి ఎన్నాళ్లైందని, భయపడదా మరి. చదువుతుందని నేనే చెప్పాను. రేపు ఆమెకు పదో తరగతి మూడో పీరియడ్. నేను సీఎల్ పెట్టాను. పొద్దున బస్సుకు వెళ్లి ఆ క్లాసులో వెనక బెంచీలో కూర్చుంటాను, చీటీలన్నీ అయ్యేదాకా.