ఖాళీ కనిపిస్తే కత్తెర పట్టుకుంటారా?

ఇప్పుడే ఫ్రేముల దుకాణం నుంచి ఇంటికి వచ్చాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి, అచ్చుతప్పులుంటే సర్దుకోండి. కొల్లేటిలో తీసిన నలుపు తెలుపు ఫొటో ఒకటి, 16 అంగుళాల చదరం, డార్క్‌రూములో నా చేతులతో నేను వేసుకున్న ప్రింటు, అద్దం కట్టమని ఇచ్చాను. నీళ్లు, మంచు, ఎడమవైపు కింద మూలలో ఒక్క వెదురు గడ. బొమ్మంతా అంతే. దుకాణం ఆయన ఎంతో ఆప్యాయంగా కాగితం విప్పి చూపించాడు. మూలనున్న గడ నట్టనడుమకు వచ్చి నిలబడింది!

"కుడివైపంతా ఖాళీగా ఉంది సార్, పైన కూడా ఏమీ లేదు. అందుకే కత్తిరించి కర్రను మధ్యకు తెచ్చాను. ఫ్రేము చిన్నదైంది కదా, మీకు డబ్బులు కూడా మిగిలాయి" అన్నాడు. పైగా కత్తిరించిన ముక్కలను చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, భద్రంగా నా చేతిలో పెట్టాడు. కావాలంటే దేనికైనా వాడుకోమన్నాడు. దేనికి వాడుకోమంటారు? వంటింటి అల్మారాలో డబ్బాల కింద పరుచుకోనా?

ఆ ముక్కలే ఫొటో అని ఆయనకు ఎలా చెప్పను! గడ ఒక సాకు మాత్రమే. చూసేవాడి కన్ను ముందు దాని మీద ఆగాలి, ఆ తర్వాత ఆ తెల్లదనంలోకి మెల్లగా వెళ్లాలి, నీళ్లు ఎక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలైందో తేల్చుకోలేక కాసేపు తిరగాలి. అందుకే గడను మూలకు నెట్టాను. ఇప్పుడు చూడండి, పాస్‌పోర్టు ఫొటోకు కూర్చున్నట్టు నిటారుగా నిలబడి నావైపే చూస్తోంది.

ఆ ఖాళీ ఊరికే దొరికిందనుకుంటున్నారా? కొల్లేరు చూసినవాళ్లకు తెలుసు, అక్కడ ఖాళీ నీళ్లు కనబడటమే గగనం. ఒకవైపు గుర్రపుడెక్క, ఒకవైపు చేపల చెరువుల గట్లు, చెరువుల్లో వరసగా గడలు, గడలకు వేలాడే చిల్లుల సంచులు. చేపలకు తవుడు అందులోంచే అందుతుంది. సంచి లేని గడ, చుట్టూ ఆకు కూడా తేలని నీళ్లు, పైన కరెంటు తీగ లేని ఆకాశం, ఈ మూడూ ఒకే చోట కావాలి. దానికి తోడు చలికాలపు పొగమంచు కావాలి. ఆ మంచు సూర్యుడు కాస్త పైకి రాగానే సెలవు కూడా చెప్పకుండా వెళ్లిపోతుంది.

అక్కడికి తాటి దోనెలో వెళ్లాలి. ఫొటో మాత్రం దోనెలోంచి తీయలేం. నిమిషానికి పైగా షట్టరు తెరిచి ఉంచాలి కదా, దోనెలో ఊపిరి తీసుకున్నా బొమ్మ కదులుతుంది. అందుకని మోకాలు దాటిన నీళ్లలోకి దిగి, ట్రైపాడ్ కాళ్లను బురదలోకి దించాలి. దించామని సంతోషించేలోపు అవి ఇంకా దిగుతాయి. కాలి కాలికీ అడుగున చెక్కముక్క పెట్టి, మూడూ నిలకడకు వచ్చేదాకా కాళ్లకు జలగలు పట్టాయేమోనన్న భయాన్ని దిగమింగుకుని నిలబడాలి. దోనె నడిపిన పెద్దాయన "ఆ గడను తీయడానికా బాబూ ఇంత తెల్లవారకుండా లేపారు?" అన్నాడు. ఆయన మీద మాత్రం నాకు కోపం రాలేదు. ఆయన గడను కత్తిరించలేదు కదా.

ఇక మీటరు. వెలుతురు కొలిచే ఈ పరికరానికి లోకమంతా బూడిదరంగులోనే ఉండాలి. అది చెప్పినట్టు తీస్తే తెల్లటి మంచు కూడా మురికి బూడిదగా వస్తుంది. అది చెప్పినదానికి రెండు స్టాపులు, అంటే నాలుగు రెట్లు వెలుగు ఎక్కువ ఇస్తేనే మంచు మంచులాగా ఉంటుంది. దాని మీద నీళ్ల అలలు మాసిపోయేలా నల్లటి ఫిల్టరు తగిలించాను. లెక్కంతా వేస్తే 30 సెకన్లు తేలింది. తేలిందని తీసేస్తే కుదరదు. షట్టరు తెరిచి ఉంచే సమయం పెరిగేకొద్దీ ఫిల్ము మందగిస్తుంది, దాన్ని రెసిప్రాసిటీ ఫెయిల్యూర్ అంటారు. నేను వాడిన ఇల్‌ఫోర్డ్ ఎఫ్‌పీ4 ప్లస్‌కు ఆ కంపెనీ ఇచ్చిన సూత్రం ప్రకారం 30 సెకన్లు కాస్తా 70 దాటుతాయి. ఆ 70 సెకన్లలో ఒక నీటికాకి వచ్చి గడ మీద వాలి, అటూ ఇటూ చూసి ఎగిరిపోయింది. నెగటివ్‌లో దాని జాడ కూడా లేదు. కదిలినదాన్ని తుడిచేసి కదలనిదాన్ని మిగిల్చే ఈ పద్ధతి మీద నాకున్న మోజు ఇంతా అంతా కాదు.

"ఇదంతా ఎందుకు, ఫోనులో నలుపు తెలుపు ఫిల్టరు ఉంది కదా" అనేవాళ్లు ఈపాటికి వేళ్లు విరుచుకుంటూ ఉంటారు. మా బావగారు ప్రతి పండక్కీ ఇదే మాట. ఆయన ఫోనులో నాలుగు వేల ఫొటోలున్నాయట. ఉండనివ్వండి బావగారూ. నా యాషికా కెమెరాలో రీలుకు పన్నెండే. పన్నెండే ఉన్నప్పుడు మనిషి నోరు మూసుకుని కళ్లు తెరుస్తాడు.

రీలు కడగడం ఇంకో కథ. ఫిల్ము మీద బొమ్మ తేల్చే మందు నీళ్లు, అదే డెవలపర్, 20 డిగ్రీల దగ్గర ఉండాలంటారు. మన కుళాయి నీళ్లు ఏడాదిలో ఎక్కువ రోజులు అంత చల్లగా ఎక్కడుంటాయి? ఫ్రిజ్‌లోని ఐసు ట్రేలన్నీ నా బేసిన్లోకి చేరతాయి, మజ్జిగలో ఐసు ఏదని ఇంట్లో గొడవ మొదలవుతుంది. రీలు ఉంచిన డబ్బాను, అంటే ట్యాంకును, తిప్పడంలో చిన్న తేడా వచ్చినా ఆ ఖాళీ ఆకాశంలో చారలు తేలతాయి. నిండుగా ఉన్న ఫొటోలో అయితే ఏ చెట్టో ఏ మనిషో దాన్ని కప్పేస్తారు. ఇక్కడ కప్పడానికి ఎవరున్నారు? ఆ తర్వాత ఎర్ర బల్బు కింద కాగితం మీద ప్రింటు. కుడి పైమూల పచ్చి తెల్లకాగితంలాగా వదిలేస్తే చచ్చుగా ఉంటుంది, అక్కడ ఒకటి రెండు సెకన్లు అదనంగా వెలుగిచ్చి తెలుపుకు ఒక్క ఛాయ కిందకు దించాను. సరిగ్గా ఆ మూలే ఇప్పుడు రబ్బరు బ్యాండులో ఉంది.

ఫిల్ము, కాగితం రెండూ దిగుమతి సరుకే. ఊటీలో 1960లో పెట్టిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ఉండేది, 'ఇందు' పేరుతో నలుపు తెలుపు ఫిల్ము అమ్మేది. ప్రభుత్వ సంస్థే. అదీ మూతపడింది. మూతపడినప్పుడు ఎవరూ కళ్లనీళ్లు పెట్టుకోలేదు కానీ, నేను ఫిల్ము కొన్నానంటే మాత్రం "ఇంకా దొరుకుతోందా?" అని నన్నో పురావస్తువును చూసినట్టు చూస్తారు.

అయినా దుకాణం ఆయన్ను అని ఏం లాభం. ఆయన చదివింది ఫ్రేములు. చదువుకున్న పెద్దలు చేసిందేమిటి? ఏళ్ల కిందట ఒక పోటీకి ఇదే వరసలోని ఇంకో ఫొటో పంపాను. పేరు చెప్పను, ఫొటో క్లబ్బుల్లో తిరిగేవాళ్లకు చెప్పనక్కర్లేదు. న్యాయనిర్ణేతగారు వేదిక మీద నా ఫొటో తెర మీదకు రాగానే నవ్వి, "సబ్జెక్టు ఎక్కడ? ఆ కర్ర మీద కనీసం ఒక కొంగయినా ఉంటే బాగుండేది" అన్నారు. హాలంతా నవ్వింది. ఇంగ్లండులో పుట్టిన మైకేల్ కెన్నా అనే ఆయన హొక్కైడో మంచులో నాలుగు కర్రలు తీస్తే గోడకు పెట్టుకుని మురిసిపోయేది వీళ్లే. అది జపాను కర్ర, గౌరవనీయమైన కర్ర. కొల్లేటి కర్రకు మాత్రం కొంగ కావాలి. మన బాపు బొమ్మల్లో కాగితం ఎంత తెల్లగా మిగిలేదో గుర్తుందా? అక్కడ ఖాళీగా ఉంది, ఒక కొబ్బరిచెట్టు పెట్టండి అని ఆయనతో ఎవరైనా అన్నారా?

అసలు ఖాళీ అంటే మనవాళ్లకు ఏదో జబ్బు. కొల్లేటికే ఏం చేశాం? +5 కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు దాకా, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అని 1999లో ప్రకటించారు. 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో, అదే రామ్‌సర్ జాబితాలో, చేరింది. ఇంత నీళ్లు ఊరికే పడి ఉన్నాయే అని అప్పటికే గట్లు వేసి చెరువులు చేశారు. 2006లో ఆ గట్లను కూల్చారు. తర్వాత మళ్లీ లేచాయి. నీళ్లు పరచుకోవడానికి వదిలిన చోటును మనం ఖాళీ అనుకున్నాం. వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చే వరద కూర్చోవాల్సింది అక్కడే కదా! దాన్ని కూడా మధ్యకు తెచ్చి, అంచులు కత్తిరించి, ఫ్రేము కట్టేశాం.

సరే, పోటీ సంగతి పూర్తి చేస్తాను, ఇది నా కడుపులో చాలాకాలంగా ఉంది. ఆ ఏడాది మొదటి బహుమతి దేనికొచ్చిందో ఊహించండి. ఉదయించే సూర్యుడు, దోనె, వల విసురుతున్న జాలరి. గుండ్రంగా విచ్చుకున్న వల, ఒక్కో నీటిచుక్కా మెరుస్తూ. అంతకుముందు ఏడాదీ అదే. దాని ముందు ఏడాది సూర్యుడు కాస్త కుడివైపుకు జరిగాడు, అంతే తేడా. ఆ జాలరి అక్కడ చేపలు పట్టడం లేదని వరసగా గట్టు మీద నిలబడ్డ కెమెరాలన్నింటికీ తెలుసు. ఆయనకు డబ్బులిచ్చి, "ఇంకోసారి విసురు తాతా, ఇంకొంచెం పైకి" అని పొద్దెక్కేదాకా విసిరించినవాళ్లే ఆ ఫొటోకు "జీవన పోరాటం" అని పేరు పెడతారు. పోరాటమే మరి, ఒక్క చేపా పడకుండా అన్నిసార్లు విసరడం.

ఈ ఏడాది ఎంట్రీలు పంపమని నిన్న మళ్లీ మెసేజ్ వచ్చింది. రుసుము పెరిగిందట, తిరిగి ఇవ్వరట. నేను పంపను. పంపే మిత్రులకు ఒక్క మనవి, ఆ వల విసిరే తాతకు ఈసారైనా నాలుగు డబ్బులు ఎక్కువ ఇవ్వండి.