మైలేజీ అనే పన్ను ఎగవేత

మన జనానికి ఒక చెడ్డ అలవాటుంది. ఎవరైనా కొత్త బండి కొన్నారని తెలిస్తే చాలు, రంగు చూడరు, సీట్లు చూడరు, "ఎంతిస్తుంది?" అని అడుగుతారు. ఇచ్చేది బండి అనుకుంటున్నారు, పాపం. ఇవ్వాల్సింది మనం.

తెలంగాణలో పెట్రోలు మీద వ్యాట్ 35.2 శాతం. అదైనా ఒట్టి పెట్రోలు మీద కాదు, కేంద్రం ఎక్సైజు కలిపాక తేలిన ధర మీద. ఆంధ్రాలో 31 శాతం, ఆపైన లీటరుకు నాలుగు రూపాయలు, రోడ్ల కోసమని ఇంకో రూపాయి. ఆ రూపాయి ఏ రోడ్డు మీద పడిందో వెతుక్కుంటూ పోవాలన్నా ఎత్తు బండే కావాలి. మామూలు కారుకి అడుగు తగిలేస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. లీటరుకు 20 కిలోమీటర్లు ఇచ్చే చిన్న కారాయన, 10 ఇచ్చే పెద్ద కారాయన ఒకే రోజు హైదరాబాద్ నుంచి విజయవాడ బయల్దేరారు. ఒకాయన ఖజానాకి ఎంత కట్టాడో రెండో ఆయన దానికి రెట్టింపు కట్టాడు. ఏడు సీట్ల బండిలో ఒక్కడే కూర్చుని మరీ కట్టాడు. సూర్యాపేటలో టీ తాగి వచ్చేసరికి సీటు చల్లగా ఉండాలని ఇంజిను కూడా ఆపలేదు. ఇంత త్యాగం చేసిన మనిషికి మనం పెట్టిన పేరు "బలుపు". ఖజానాకి సగం ఎగ్గొట్టినవాడేమో పొదుపరి!

ఇక టీవీఎస్ ఎక్స్‌ఎల్ వాళ్ల సంగతి. ముందు యూరియా బస్తా, వెనక భార్య, మధ్యలో పిల్లాడు, హ్యాండిల్‌కి పాల క్యాను. ఇంత వ్యవసాయాన్ని చెంబెడు పెట్రోలుతో నడిపిస్తే ప్రభుత్వాలు ఏమైపోవాలి? వీళ్ల మీద ఇంతవరకూ పన్నుల వాళ్ల దాడి ఒక్కటీ జరగలేదు.

చిన్న కార్లను ప్రోత్సహిద్దామని కేంద్రం 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవు, చిన్న ఇంజిను ఉన్న కార్లకు పన్ను తగ్గించింది. కంపెనీలు శిరసావహించాయి. పెద్ద బండినే తీసుకుని తోక కోశాయి. నమ్మకం లేకపోతే టేపు పట్టుకోండి. నెక్సాన్ 3,995 మిల్లీమీటర్లు, బ్రెజా 3,995, వెన్యూ 3,995, సోనెట్ 3,995. చట్టం పట్ల సరిగ్గా ఐదు మిల్లీమీటర్ల గౌరవం. పొడవు గురించి చెప్పారు కానీ ఎత్తు గురించి ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి బళ్లు పైకి పెరిగాయి. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మార్చినప్పుడు చిన్న కార్లకు 18 శాతం చేశారు. చిన్న ఇంజిను ఉంటే ఈ తోక కోసినవి కూడా ఆ పంక్తిలోనే భోంచేస్తాయి. నిఖార్సైన పెద్ద బండికి అంతకుముందు సెస్సుతో కలిపి 50 శాతం దాకా ఉండేది, 40కి దించారు. పెద్దవాళ్లు నొచ్చుకోకూడదు కదా.

నిజంగా చిన్న కారు ఒకటి వచ్చింది లెండి. 2008లో లక్ష రూపాయల నానో చూపించారు. పదేళ్లకు తయారీ ఆగిపోయింది. కారణాలు చాలా చెబుతారు గానీ మన వైపు కారణం ఒక్కటే. పెళ్లిచూపులకు స్కూటర్ మీదైనా వెళ్లొచ్చు, నానోలో వెళ్లకూడదు. స్కూటర్ మీద వచ్చినవాడు కారు ఇంకా కొనలేదంతే. నానోలో వచ్చినవాడు కొన్నాడు, కొన్నది అదీ!

ధర పెరిగితే జనం చిన్న బళ్లకు మారతారని ఆర్థికవేత్తలు అంటారు. 2021 జూన్‌లో హైదరాబాద్‌లో పెట్రోలు వంద దాటింది. ఫార్చ్యూనర్ అమ్మేసి ఆల్టో కొనుక్కున్న నాయకుడి అనుచరుణ్ని మీరెక్కడైనా చూశారా? ధర పెరిగేకొద్దీ పెద్ద బండికి విలువ పెరుగుతుంది. పెట్రోలు పది రూపాయలైతే వాకిట్లో ఫార్చ్యూనర్ పెట్టుకుని ఏం గొప్ప?

ఆ ధరయినా ఎవరో తోచినట్టు పెంచేది కాదు. 2017 జూన్ 16 నుంచి రోజూ అంతర్జాతీయ మార్కెట్‌ను చూసి సవరిస్తామన్నారు. ఆ మార్కెట్‌కి మన ఎన్నికలంటే మాత్రం మహా భక్తి. 2021 నవంబరు మొదలు ఉత్తరప్రదేశ్ సహా అయిదు రాష్ట్రాల ఎన్నికలు ముగిసేదాకా కంపెనీలు పైసా కదపలేదు. మార్చి 10న ఫలితాలు, 22న 80 పైసల వడ్డన మొదలు. అంతకుముందు, 2020 ఏప్రిల్‌లో అమెరికాలో ముడిచమురు బేరం సున్నా కిందికి పడిపోయి, ఎదురు డబ్బిచ్చి పట్టుకెళ్లమన్నారు. మనవాళ్లు ఆ మే నెలలో పెట్రోలు మీద 10, డీజిల్ మీద 13 రూపాయల ఎక్సైజు పెంచారు. ఊరికే వచ్చిన సొమ్ము ప్రజల్ని పాడుచేస్తుంది.

అంత జాగ్రత్తగా కాపాడుకొస్తుంటే కాకినాడ వాళ్లు చేసే పని చూడండి. యానాంలో పన్ను తక్కువని అక్కడికెళ్లి ట్యాంకు నింపుకొస్తారు. పోయిరావడానికి కాలిందెంత అని అడిగితే "గోదారి గాలి ఉచితం" అంటారు.

కాబట్టి నా కోరికలు చిన్నవి. బంకుల్లో పెద్ద బళ్లకు వేరే వరస పెట్టి, ట్యాంకు నిండగానే శాలువా కప్పాలి. లీటరుకు 15 దాటితే చలానా వేయాలి. ఎక్స్‌ఎల్‌కి అయితే బస్తాకొక చలానా. ఇక చుక్క పెట్రోలు ముట్టని కరెంటు కార్ల వాళ్ల మీద కఠినంగా ఏదైనా రాద్దామనుకున్నాను. తీరా చూస్తే తెలంగాణ ప్రభుత్వమే 2024 నవంబరులో వాళ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుం రెండూ మాఫీ చేసి కూర్చుంది. ఇంటివాళ్లే తలుపు తీసి పెడితే నేను కుక్కలా మొరిగి ఏం లాభం?