‘ఐటిస్’ అంటే ఇన్ఫెక్షన్ కాదు

వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టు తెగ తిరుగుతోంది. ‘జబ్బు పేరు చూసి టెన్షన్ పడొద్దు. అన్నీ గ్రీకు మాటలే. ముక్కలు చేస్తే విషయం తెలిసిపోతుంది. చివర ఐటిస్ ఉంటే ఇన్ఫెక్షన్. న్యుమోనియాలో పి అక్షరాన్ని గ్రీకులు కూడా పలకలేదు’ అని దాని సారాంశం. భయం పోగొట్టాలన్న ఉద్దేశం మంచిదే. చెప్పిన విషయాలే తప్పు.

ముందు ఐటిస్ సంగతి చూద్దాం, ప్రమాదం ఉన్నది ఇక్కడే. గ్రీకులో అది ‘ఫలానా దానికి చెందిన’ అని చెప్పే ప్రత్యయం. నోసోస్ అంటే రోగం. ‘ఆర్థ్రీటిస్ నోసోస్’ అంటే కీళ్ల రోగం. వాడుకలో నోసోస్ రాలిపోయి మొదటి మాటే మిగిలింది. ఐటిస్‌కు ఇన్‌ఫ్లమేషన్, అంటే వాపు, ఎరుపు, నొప్పి, వేడి అనే అర్థం స్థిరపడింది తర్వాతి కాలపు వైద్యుల వల్ల. ఇన్‌ఫ్లమేషన్‌కు క్రిములు ఒక కారణం మాత్రమే. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో మన రోగనిరోధక వ్యవస్థే కీళ్ల మీద దాడి చేస్తుంది. అలర్జిక్ రైనైటిస్‌కు, అంటే అలర్జీతో ముక్కు లోపల వచ్చే వాపుకు, దుమ్మో పుప్పొడో చాలు. అతిగా మద్యం తాగినా హెపటైటిస్, అంటే కాలేయం వాపు, రావచ్చు. వీటికి యాంటీబయాటిక్ పనిచేయదు. చీటీ లేకుండా మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొనుక్కునే అలవాటు మనకు ముందే ఉంది. ఇలాంటి పోస్టు ఆ అలవాటుకు ధైర్యం ఇస్తుంది, నా కోపం అందుకే.

అన్నీ గ్రీకే అన్నదీ నిజం కాదు. 1886లో బోస్టన్ వైద్యుడు రెజినాల్డ్ ఫిట్జ్ వాడుకలోకి తెచ్చిన అపెండిసైటిస్‌లో ముందు భాగం లాటిన్, తోక గ్రీకు. హైపర్‌టెన్షన్‌లో ముందుది గ్రీకు, వెనకది లాటిన్.

ఇక పి. గ్రీకులు దాన్ని పలికారు, ఇప్పటికీ ‘ప్నెవ్‌మోనీయా’ అనే అంటారు. జర్మన్లూ ఫ్రెంచివాళ్లూ పలుకుతారు. మాట మొదట్లో ‘ప్న’ నోరు తిరగక వదిలేసింది ఇంగ్లీషువాళ్లు. మనకు ఆ పేరు వాళ్ల నుంచే వచ్చింది కాబట్టి న్యుమోనియా అంటున్నాం, అందులో తప్పేమీ లేదు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే స్లీప్ ఆప్నియాలో అదే ‘ప్న’ మాట మధ్యలో పడింది, అందుకే అక్కడ పి వినిపిస్తుంది.

ముక్కలు చేస్తే అర్థం వచ్చేస్తుందా? అనీమియాను విడదీస్తే ‘రక్తం లేకపోవడం’ అని వస్తుంది. నిజానికి తగ్గేది ఎర్రకణాలు లేదా హిమోగ్లోబిన్. హిస్టీరియా పేరులో గర్భాశయం ఉంది, ఆ జబ్బుకు గర్భాశయమే కారణమన్న పాత నమ్మకాన్ని వైద్యం ఎప్పుడో వదిలేసింది.

షుగర్ ఉన్నవాళ్ల ఇంట్లో మాత్రం రెండు ముక్కలు అందరికీ తెలియాలి: హైపో అంటే తక్కువ, హైపర్ అంటే ఎక్కువ. హైపోగ్లైసీమియాలో రక్తంలో చక్కెర పడిపోతుంది, హైపర్‌గ్లైసీమియాలో పెరిగిపోతుంది. మనిషి స్పృహలో ఉంటే వెంటనే తీపి ఇవ్వాల్సింది మొదటిదానికి.